శోభనాద్రి గారి క్రికెట్ పెట్టె

జూన్ 5, గురువారం

సుహైల్ పొద్దున శోభనాద్రి గారి పెట్టె తెచ్చి వరండాలో పెట్టాడు. "వదినా, ఇదిగో నీ ఉద్యోగం" అని గడప అవతలి నుంచే ఒక కేక వేసి వెళ్ళిపోయాడు. ఇద్దత్‌లో ఉన్న ఆడమనిషి గదిలోకి మరిది రాకూడదని అత్తమ్మ చెప్పింది కాబట్టి రాడు. అత్తమ్మ మాట అతను విన్నది, నాకు తెలిసి, ఈ ఒక్క విషయంలోనే.

ఏప్రిల్లో మా ఆయన హఫీజ్ పోయినప్పటి నుంచీ నాకు బందరంటే ఈ ఇల్లే. ఇద్దత్ అంటే మొగుడు పోయాక నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. గాజులు లేవు, అత్తరు లేదు. వీధి వైపు కిటికీ తియ్యనివ్వదు అత్తమ్మ. జనం చూస్తారట. ఏముందని చూస్తారో. ఇదివరకు రోజుకి ఒక సంగతైనా ఆయనకి చెప్పి చీవాట్లు తినేదాన్ని. ఇప్పుడు ఈ డైరీకి చెప్తున్నాను. ఇది తిట్టదు. దీంతో అదే లోటు.

కోనేరు సెంటర్ దగ్గర మా కొట్టు. ఒకప్పుడు గేమ్ పార్లర్. చేతుల్లోకి ఫోన్లొచ్చాక జనం రావడం మానేస్తే, ఆయన పాత గేమ్ పెట్టెలు బాగుచేసే పనిలోకి దిగాడు. నేను పక్కన కూర్చుని టార్చి పట్టుకునేదాన్ని, స్క్రూలు మూతల్లో వేసేదాన్ని. ఆ కొట్టు గది శోభనాద్రి గారిది, మాకు అద్దెకిచ్చారు. చల్లపల్లిలో ధాన్యం వ్యాపారం ఆయనకి. అరవై దాటాయి, చుట్ట లేదు, పేకాట లేదు, ఉన్న వ్యసనమల్లా ఈ పాత పీఎస్‌టూ వీడియో గేమ్ పెట్టె మీద క్రికెట్ ఆడటం. హఫీజ్ దానికి, చేత్తో రాసిన డిస్కులు కూడా చదివేలా చిప్పు వేసి, ఆటలో పేర్లన్నీ మార్చి, చల్లపల్లి మనుషులతో ఒక టీము తయారుచేసి డిస్కు రాసిచ్చాడు. ఈ మధ్య ఆ డిస్కు రీడ్ అవ్వట్లేదని పెద్దాయన పెట్టె తెచ్చిచ్చారు. అది విప్పి బల్ల మీద పెట్టుకుని ఉండగానే హఫీజ్ కూలిపోయాడు. గుండె. మనిషిని ఇంటికి తెచ్చారు, పెట్టె కొట్టులోనే ఉండిపోయింది.

ఇప్పుడు కొట్టుని ఫోన్ కవర్లు అమ్మేవాళ్ళకి ఇప్పించేద్దామని సుహైల్. ఇద్దత్ అవ్వగానే గుడివాడ వచ్చెయ్యమని నాన్న. "నీ గది అలాగే ఉందమ్మా" అంటాడు రోజూ ఫోన్లో. అక్కడా గదే. నేను కొట్టు నడుపుతానన్నాను. సుహైల్ నవ్వాడు. శోభనాద్రి గారు నవ్వలేదట. "ఆ అమ్మాయి నా పెట్టె బాగుచేసి చూపిస్తే కొట్టు ఆమె పేరునే ఉంచుతాను. ఊడుపులు అయ్యాక వస్తా" అన్నారట.

కాబట్టి ఈ పెట్టె బాగవ్వాలి.

సాయంత్రం అత్తమ్మ లోబాన్ పొగ, అదే సాంబ్రాణి, వేసింది. పోయినవాళ్ళ ఆత్మలు గురువారం పొద్దుగూకే మగ్రిబ్ వేళకి ఇంటికొచ్చి, ఎవరైనా తలుచుకుంటున్నారో లేదో చూసుకుని పోతాయని ఆమె నమ్మకం. ఏప్రిల్ నుంచీ ఒక్క గురువారం మానలేదు.

జూన్ 6, శుక్రవారం

గదిలో టీవీకి కలిపి చూశాను. కంపెనీ డిస్కు పెడితే ఆట వస్తోంది. హఫీజ్ రాసిన డిస్కు పెడితే గిర్రున తిరుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ తిరుగుతుంది, చివరికి ఎర్ర తెర. ఇది ఆటల డిస్కు కాదు పొమ్మంటుంది.

జూన్ 8, ఆదివారం

నిన్న బక్రీదు. ఇంటినిండా జనం. నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడుకోవడం, నేను గదిలోకి వెళ్ళగానే పెంచడం. ఇవాళ అందరూ వెళ్ళాక పెట్టె విప్పాను. పై మూత తీసి, డిస్కు తిరిగే పళ్ళెం మీది రేకు తీస్తే లోపల లెన్సు. పెసరగింజ కన్నా కాస్త పెద్దది. దూదికి స్పిరిట్ అద్ది తుడిచాను. అంతే.

చదివింది.

టీము వచ్చింది. మొదట పిచ్చేశ్వరరావు, ఆయన రైసు మిల్లు గుమాస్తా. తర్వాత ఎరువుల కొట్టు దుర్గాశ్రీనివాస్. బౌలింగ్ సామ్యేలు, లారీ డ్రైవరు. పదో వాడి తర్వాత, పదకొండో పేరు హఫీజ్. ఒక మనిషి తక్కువైతే పెద్దాయన ఈయన పేరే రాయమన్నారని అప్పుడు చెప్పాడు. నేను మర్చిపోయాను.

జూన్ 10, మంగళవారం

చదివింది.

జూన్ 11, బుధవారం

చదివింది. టెస్టింగ్ కోసం ఒక ఆట ఆడాను. నాకు బ్యాటు తిప్పడం రాదు, తొమ్మిదిమంది టపటపా అవుటయ్యారు. పదకొండో వాడు వచ్చాడు. అక్కడ ఆట ఆపి ఉంచాను. ఎక్కువసేపు ఆన్‌లో ఉంటే వేడెక్కుతుందో లేదో చూడాలి కదా.

జూన్ 13, శుక్రవారం

చదవలేదు. మొన్నటి దాకా బంగారంలా ఉన్న పెట్టె. నిన్న నేను దాని జోలికే వెళ్ళలేదు. నమాజు, అత్తమ్మ పొగ, అన్నం, నిద్ర.

జూన్ 14, శనివారం

గడప అవతలి నుంచి సుహైల్ తీర్పు చెప్పాడు. "ఉప్పుగాలి వదినా. బందర్లో ఏదీ ఆగదు. కొత్తది కొనిద్దాం పెద్దాయనకి." మాటకి ముందు కొత్తది కొనేవాడు, కొట్టులోంచి పాతవాళ్ళని కూడా అలాగే పంపించేస్తాడు. నేను మళ్ళీ విప్పాను. కంపెనీ డిస్కు చదువుతోంది కాబట్టి తప్పు లెన్సుది అయ్యుండదు, చిప్పుదే అయ్యుండాలి. చిప్పు నుంచి వెళ్ళే సన్న తీగ ఒకటి లూజుగా అనిపించింది. ఆయన టంకం కాస్త ఊడింది. నా చేత్తో మళ్ళీ టంకం పెట్టాను. ఎలాగూ విప్పాను కదా అని లెన్సు కూడా ఓసారి తుడిచి మూశాను.

చదివింది. తీగే దొంగ. దొరికింది.

జూన్ 20, శుక్రవారం

చదవలేదు.

జూన్ 21, శనివారం

లెన్సు పక్కన ఆవగింజంత స్క్రూ ఉంటుంది. దాన్ని కొద్దిగా తిప్పితే లేజరు వెలుగు పెరుగుతుంది. దాని జోలికి వెళ్ళేటప్పుడు హఫీజ్ బిస్మిల్లా అనుకునేవాడు. "ముసలెద్దుని ముల్లుగర్రతో పొడవడమే ఇది. నాలుగడుగులు జోరుగా వేస్తుంది, తర్వాత కూలబడుతుంది" అనేవాడు. నాకు వేరే దారి కనపడలేదు. అలవాటుగా లెన్సు తుడిచి, వెంట్రుకవాసి తిప్పాను.

చదివింది.

జూన్ 25, బుధవారం

టెస్టింగ్. పదకొండో వాడి దాకా వచ్చాను. మూడు బంతులు ఆగాడు.

జూన్ 27, శుక్రవారం

మళ్ళీ మొండికేసింది. శుక్రవారం వస్తే దీనికి సుస్తీ. కరెంటు వల్లేమో అనుకున్నాను, కానీ కరెంటు పోయేది మంగళవారం. లెన్సు తుడిచి, ఇంకో వెంట్రుకవాసి తిప్పాను. చదివింది గానీ, నాకు సంతోషంగా లేదు. తిప్పడానికి ఇంక ఎంతో లేదు.

నాన్న ఫోన్. "ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు. టీవీ చూస్తున్నానన్నాను. అబద్ధం కాదు.

జూలై 4, శుక్రవారం

చదివింది. శుక్రవారం చదివింది! ఇంక దీనికి తిరుగు లేదు. స్క్రూ సరైన చోట కూర్చుంది.

అత్తమ్మ బుధవారం పీర్లు చూడటానికి పెడన వెళ్ళి ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. తన అక్క వాళ్ళింట్లో అందరూ అడిగారట నన్ను. రెండ్రోజులు ఇల్లంతా నాదే. అయినా గడప దాటలేదు. దాటితే చూసేవాళ్ళు లేరు, నేను తప్ప.

జూలై 11, శుక్రవారం

చదవలేదు.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆయన మీద వచ్చింది. అంత ఓపిగ్గా డిస్కు రాసి, పదకొండు పేర్లు పెట్టి, అసలు విద్య సగంలో ఆపి పోయాడు.

జూలై 12, శనివారం

స్క్రూ మీద స్క్రూడ్రైవరు పెట్టి ఆగిపోయాను. ఇంకొక్కసారి తిప్పితే లేజరు కాలిపోతుంది. కాలిపోతే కొత్త లెన్సు తేవడానికి నేను విజయవాడ వెళ్ళలేను. సుహైల్ని పంపితే ఇంకో రకం తెస్తాడు, కావాలనే తెస్తాడు. తిప్పకపోతే పెద్దాయన వచ్చేనాటికి ఎర్ర తెర. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఏమీ తోచక, చేతిలో దూది ఉంది కదా అని లెన్సు తుడిచాను. దూది లేత పసుపు రంగులోకి వచ్చింది. ఉప్పైతే పసుపు రాదు. దుమ్మైతే బూడిద రంగు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

లోబాన్.

గది నిండా ఎప్పుడూ అదే వాసన. అందుకే ఇన్నాళ్ళూ తెలియలేదు. తలుపు వేసి, కిటికీ మూసి గదిలో పొగ వేస్తే, అది పోయేదెక్కడికి. పెట్టెలోకి పోయి లెన్సు మీద సన్నటి జిగురు పొరలా పడుతోంది. కంపెనీ డిస్కుకి ఆ పొర అడ్డం కాదు. చేత్తో రాసిన డిస్కు అసలే మసక, ఆ కాస్త పొరకే ఆగిపోతోంది. తుడిచినప్పుడల్లా బాగైంది. నేనేమో తీగని మెచ్చుకున్నాను, స్క్రూని మెచ్చుకున్నాను. పీర్ల గురువారం పొగ లేదు. మర్నాడు చదివింది. ఇంతకన్నా చెప్పేదేముంది. స్క్రూని పాత చోటికి తిప్పేశాను. తుడిచిన లెన్సుతో, పాత వెలుగుతోనే చదివింది.

చెప్పాలి. అత్తమ్మకి ఎలా చెప్పాలి.

జూలై 17, గురువారం

చెప్పకుండానే కానిద్దామని చూశాను. మధ్యాహ్నమే పెట్టె మీద ప్లాస్టిక్ కవరు కప్పి, చుట్టూ బిగించి, వజూకి, కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి, పెరట్లోకి వెళ్ళాను. రోజూ అయితే పెరట్లోంచి నేరుగా వంటగదిలోకి వెళ్ళి నమాజు చేసుకుంటాను. ఇవాళ తలుపు సందులోంచి చూశాను.

అత్తమ్మ నిప్పుల గిన్నె పట్టుకుని గదిలోకి వచ్చింది. కొక్కేనికి ఉన్న ఆయన చొక్కాకి పొగ చూపించింది. చెప్పులకి చూపించింది. తర్వాత పెట్టె దగ్గర కూర్చుని, నేను కట్టిన కవరు నెమ్మదిగా విప్పి, నేను స్క్రూలు బిగించకుండా వదిలిన మూత ఎత్తి, గిన్నె దగ్గరగా పెట్టి చీర కొంగుతో పొగంతా లోపలికి విసిరింది. పెదాలు దువా చదువుతున్నాయి. మిగతా వాటికన్నా ఎక్కువసేపు దాని దగ్గరే ఉంది. చివరికి మూత పెట్టి, కవరు నేను కట్టినట్టే కట్టింది.

పొమ్మనలేక పొగబెడుతోందా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా కోపం తగ్గలేదు.

జూలై 18, శుక్రవారం

అనేశాను.

"అత్తమ్మా, ఆ పెట్టెలో పొగ వెయ్యకండి."

"ఏం, ఘాటుగా ఉందా నీకు?"

"నాకు కాదు. దానికి. లోపల లెన్సు మూసుకుపోతోంది. నెలన్నర నుంచీ అందుకే డిస్కు చదవట్లేదు."

"పొగ వేస్తే ఇంటికి మంచిదంటారు గానీ, చెడుపు చేస్తుందని ఎవరైనా అన్నారా? వాడి చెయ్యి ఆఖరున తగిలింది దానికే. మిగతావాటికి ఎలా చూపిస్తానో దానికీ అలాగే చూపిస్తాను."

అక్కడితో ఊరుకోవచ్చు. నా నోరు ఊరుకోదు. "ఆయన చేతిపనిని మీ పొగే చంపుతోంది" అన్నాను.

గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. అన్నం వండింది. నాకు పెట్టింది. ఎదురుగా కూర్చుని తినలేదు.

జూలై 19, శనివారం

మాట్లాడలేదు.

జూలై 21, సోమవారం

"కూరలో ఉప్పు సరిపోయిందా అత్తమ్మా?" అన్నాను. తలూపింది. ఇద్దరు ఆడవాళ్ళు, మూడు గదులు, ఒక మూసిన కిటికీ.

జూలై 24, గురువారం

పొగ లేదు.

మగ్రిబ్ అయింది. ఆమె గదిలో దీపం వెలిగింది. నిప్పుల గిన్నె బోర్లించి గోడవార ఉంది.

జూలై 25, శుక్రవారం

చదివింది. చక్కగా, మొదటి తిరుగుడికే చదివింది. టీము వచ్చింది, పదకొండో పేరు వచ్చింది. కూర్చుని ఏడ్చాను. గదిలో ఏ వాసనా లేదు. నిన్న ఆయన వచ్చి చూసుకుని ఉంటే, మర్చిపోయారనుకుని వెళ్ళిపోయి ఉంటాడు. ఇలాంటివి నేను నమ్మను. నమ్మనని ఇదివరకు ఆయనతో ఎన్నిసార్లు వాదించాను.

జూలై 31, గురువారం

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక నేనే నిప్పులు రాజేసి, గిన్నె తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను.

"వెయ్యండి అత్తమ్మా."

"నీ పెట్టె?"

"బీరువాలో పెట్టి తాళం వేస్తాను. మీరు బీరువా బయట నుంచి చూపించండి."

నిప్పుల మీది బూడిద ఊదింది. "గురువారం వచ్చేవాళ్ళు గుమ్మం దాకానే వస్తారని మా అమ్మ చెప్పేది. లోపలికి రారు. నేనే ఆగలేక గది దాకా తెచ్చాను, చొక్కా దాకా తెచ్చాను, నీ పెట్టె దాకా తెచ్చాను. ఎక్కడో ఒకచోట తగలడా అని."

గిన్నె తీసుకెళ్ళి వీధి గుమ్మంలో పెట్టింది. లోబాన్ పొడి చల్లింది. పొగ వీధిలోకి పోయింది. ఆమె గుమ్మం అవతల కూర్చుంది, నేను ఇవతల నిలబడ్డాను. నేను దాటకూడని గడప, ఆయన దాటలేని గడప ఒకటే. నేను ఏడిస్తే ఆమె చూసింది. "రోజులు ఇంక ఎన్నో లేవులే" అంది. మాట్లాడిందని సంతోషం వేసింది.

ఆగస్టు 1, శుక్రవారం

చదివింది.

ఆగస్టు 7, గురువారం

ఊడుపులు అయిపోయాయట. పెద్దాయన రేపు వస్తున్నారు. సాయంత్రం పొగ గుమ్మంలోనే. తర్వాత ఆఖరి టెస్టింగ్. తొమ్మిదిమందిని అవుట్ చేయించి పదకొండో వాడిని తెచ్చి ఆపి ఉంచాను. బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. ఆటగాళ్ళందరికీ ఒకటే ముఖం ఉంటుంది ఈ పాత ఆటల్లో. అయినా చూశాను.

ఇది టెస్టింగ్ కాదు. అసలు ఏ ఒక్కరోజూ టెస్టింగ్ కాదు.

ఆగస్టు 8, శుక్రవారం

జుమా నమాజు అయ్యాక వచ్చారు. సుహైల్ టీవీని వరండాలో పెట్టాడు. మధ్యలో గుడ్డ తెర. తెర పక్క సందులోంచి నాకు టీవీ సగం, పెద్దాయన చేతులు కనపడుతున్నాయి. ధాన్యం పిడికిట పట్టి చూసే చేతులు, ఆ చిన్న బటన్ల మీద ఎంత చకచకా కదిలాయో.

"అసలు ఉప్పుగాలి వల్లనండీ ఇదంతా" అని సుహైల్ మొదలుపెట్టాడు.

"నువ్వు కాసేపు ఊరుకోవయ్యా." తర్వాత తెర వైపు తిరిగి, "అమ్మాయ్, ఉన్నావా?" అన్నారు.

"ఉన్నానండీ."

"ఏం చేశావు దీనికి?"

"తుడిచానండీ."

"అంతేనా?"

"అంతేనండీ. మళ్ళీ మసకబారకుండా చూసుకున్నాం." ఈ మాట అంటూ అత్తమ్మకేసి చూడలేదు. ఆమె నా పక్కనే నిలబడి ఉంది.

ఆట సాగింది. పిచ్చేశ్వరరావు అవుటయ్యాడు. సామ్యేలు నాలుగు కొట్టాడు. పెద్దాయన నోటితోనే కామెంటరీ. ఉన్నట్టుండి ఆగారు. "మన హఫీజ్ దిగాడమ్మా" అన్నారు, మెల్లగా.

అత్తమ్మకి ఈ సంగతి తెలీదు. నేను ఎప్పుడూ చెప్పలేదు, దాచుకున్నాను. నా భుజం పట్టుకుంది. "మావాడా? అందులో ఉన్నాడా?" తెర సందులోకి వంగింది. ఆ వయసు కళ్ళకి ఇంగ్లీషు అక్షరాలు ఏం తెలుస్తాయి, ఒక బొమ్మ బ్యాటు పట్టుకుని నిలబడింది, అంతే. దాన్నే చూసింది.

బంతి పడింది. ఇంకో బంతి పడింది. వికెట్లు ఎగిరిపోయాయి.

"ఎంతసేపు ఆడాడండీ?" అంది అత్తమ్మ.

పెద్దాయన ఇబ్బంది పడ్డారు. "రెండు బంతులమ్మా. తప్పు నాదే, సరిగ్గా ఆడించలేకపోయాను."

"లేదు బాబూ, అంతే. వాడికి ఆటెక్కడ వచ్చు. చిన్నప్పుడు వీధిలో పిల్లలు వీణ్ణి కాలవలో పడ్డ బంతి తేవడానికే పెట్టుకునేవాళ్ళు." నవ్వింది. ఏప్రిల్ తర్వాత ఆమె నవ్వడం ఇదే. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, తెర వెనక.

పెద్దాయన వెళ్తూ సుహైల్‌తో అన్నారు. "ఫోన్ కవర్ల వాళ్ళకి వేరే గది చూసుకోమను. తాళంచెవి ఆ అమ్మాయికివ్వు." సుహైల్ తాళంచెవి గడప మీద పెట్టాడు, చేతికి ఇవ్వకూడదు కాబట్టి. అత్తమ్మ తీసి నా చేతిలో పెట్టింది.

పెట్టె ఆయన పట్టుకెళ్ళిపోయారు. బాగైతే వెళ్ళిపోతుందని మొదటి రోజే తెలుసు. గదిలో బల్ల మీద దాని మేర దుమ్ము లేని చోటు ఉంది. దాన్ని తుడవలేదు.

ఆగస్టు 21, గురువారం

నాన్న ఆదివారం వస్తానన్నాడు. ఇద్దత్ అయిపోతుంది కదా, తీసుకెళ్తాడట. రావద్దనలేదు. నాతో కోనేరు సెంటర్ దాకా వచ్చి షట్టరు ఎత్తమన్నాను. నాలుగు నెలలు మూసి ఉంది, నా ఒక్కదాని వల్ల లేవదు. "నూనె తెస్తాను, పట్టేసి ఉంటుంది" అన్నాడు.

సాయంత్రం గుమ్మంలో పొగ వేశాం. అత్తమ్మ అవతల, నేను ఇవతల. నిప్పులు చల్లారుతుండగా, నా వైపు చూడకుండానే అంది.

"కొట్టులో నేను పొగ వెయ్యనులే. భయపడకు. నీ పని నువ్వు చేసుకో."

"సరే అత్తమ్మా."

"గురువారం మాత్రం మగ్రిబ్‌కి ముందే ఇంటికొచ్చెయ్యి. వాడొచ్చేసరికి ఇద్దరం ఉండాలి."

వస్తానన్నాను.